ఇరవై తొమ్మిది గీతలు, ఒక సున్నా

2019 ఎండాకాలం. మా తమ్ముడి కొడుకు అప్పుడే నాలుగో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. వాళ్లది జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న ఊరు. కడపలో సమ్మర్ క్యాంపు పెడుతున్నారని ఎవరో చెబితే మా తమ్ముడు వాణ్ని నా దగ్గర వదిలివెళ్లాడు. ముప్పై రోజుల క్యాంపు. స్పోకెన్ ఇంగ్లీషు, చేతిరాత, అబాకస్, కరాటే, డ్రాయింగు, కీబోర్డు. ఉదయం ఏడున్నర నుంచి పన్నెండు దాకా. రోజూ స్కూటీ మీద నేనే దింపి, నేనే తెచ్చుకునేదాన్ని. ఏడుపు లేదు, మొండితనం లేదు, అన్నం మానడం లేదు. అందుకని వాడికి అక్కడ బాగానే ఉందనుకున్నాను.

ఒకరోజు బట్టలు ఉతకడానికి వేస్తూ వాడి సంచి దులిపితే చేతిరాత నోటుబుక్కు కింద పడింది. వెనక అట్ట లోపలివైపు పెన్సిలు గీతలు ఉన్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక అడ్డగీత. అలాంటివి రెండు కట్టలు, మూడు విడి గీతలు. వాటి కింద "ఇంకా 17" అని రాసి ఉంది. ఇంకొంచెం కిందికి వస్తే, "ఈపొద్దు వానొస్తే బాగుండు. కరెంటు పోయినా చాలు." ఆ పక్కనే వేరే రోజు రాసింది: "కరాటే సారు ఈల పోయింది. దేవుడున్నాడు."

చదివి గట్టిగా నవ్వేశాను. ఆ తర్వాత మళ్లీ గీతలు లెక్కపెట్టాను. పదమూడు రోజులుగా నా ఎదురుగా కూర్చుని సంగటి తింటూ, నేను అడిగినదానికల్లా "బాగుందత్తా" అంటూ, లోపల వీడు ఈ లెక్క రాసుకుంటున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "డబ్బు కట్టేసినాం కదక్కా, పూర్తి చేయనీ" అన్నాడు. నేనూ సరేనన్నాను. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే, నేను సరేనన్న మాట.

క్యాంపు అయిపోయాక వాడు ఆ నోటుబుక్కు నా ఇంట్లోనే వదిలేసి ఊరికి పోయాడు. గీతలు చివరిదాకా ఉన్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం గీతకు బదులు చిన్న సున్నా ఉంది. పెన్సిలు జారిందేమో అనుకున్నాను.

తర్వాత రెండేళ్లు కరోనాలో పోయాయి. 2022 మే నెలలో మళ్లీ ఊరంతా సమ్మర్ క్యాంపు ఫ్లెక్సీలు కనబడ్డాయి. ఆ నోటుబుక్కు తీసి ముందు పెట్టుకుని, పిల్లల కోసం ఒక నవల రాయాలని కూర్చున్నాను. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. కథలు చెప్పడం నా పనే. రాయడం మాత్రం అదే మొదలు.

మా ఇల్లు ఎర్రముక్కపల్లిలో. సి.పి. బ్రౌన్ గ్రంథాలయం మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, సొంత జీతం పెట్టి పండితులను పోషించి, తాళపత్రాలు పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూయించిన చోటు అది. ఆ శిథిలాల మీద జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు విరాళాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. బయట నలభై రెండు డిగ్రీలు దాటిన ఎండలో, ఆ చదువుకునే గదిలో మూలన కూర్చుని మూడు వారాల్లో మొదటి రాత పూర్తి చేశాను.

అది బాగాలేదు. ఆ సంగతి నాకు ఆగస్టులో తెలిసింది.

ఆరో తరగతి పిల్లలకు చివరి పీరియడ్లో రోజుకు కొంత చదివి వినిపించాను. "రాజు అనే బాలుడు ఉండేవాడు" అని మొదలవుతుంది. రాజుకు క్యాంపు నచ్చదు. మాస్టర్లు మంచి మాటలు చెబుతారు. చివరి రోజు వాడికి మొదటి బహుమతి వస్తుంది, వచ్చే ఏడాది కూడా వస్తానంటాడు. పిల్లలు మర్యాదగా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. అయిపోయాక వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, వాడు ఆఖర్న అబద్ధం చెప్పినాడా?"

"లేదమ్మా, వాడి మనసు మారింది."

"ఎప్పుడు మారింది మేడమ్? మీరు చదవల్యా."

నా దగ్గర జవాబు లేదు. అరవై పేజీల్లో ఎక్కడా వాడు మారలేదు. వాడు మారాలని నేను కోరుకున్నాను, అందుకని మారినట్టు రాశాను. ఆ అమ్మాయికి అది మొదటిసారి వినగానే తెలిసిపోయింది. ఆ కాగితాలు బీరువాలో పెట్టేశాను.

రెండో రాతకు ముందు 2023 మేలో నాలుగు పొద్దులు ఒక క్యాంపులో వెనక కుర్చీలో కూర్చున్నాను. నిర్వాహకులను అడిగే కూర్చున్నాను. రేకుల షెడ్డు. మూడు ఫ్యాన్లు, వాటిలో ఒకటి తిరిగేటప్పుడు టక్కు టక్కుమనేది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, దాని మూత మీద గొలుసుతో కట్టిన ఒకే ఒక స్టీలు గ్లాసు. పది గంటలకు టిఫిన్ బాక్సులు తెరిస్తే షెడ్డంతా ఉగ్గాని వాసన. తొమ్మిదిన్నరకే రేకు వేడెక్కి చిటచిటమనేది, ఆ చప్పుడు మొదలవగానే పిల్లలు ఫ్యాన్ల వైపు చూసేవాళ్లు. కరెంటు పోయే ముందు టక్కుటక్కు ఫ్యాను కొంచెం నెమ్మదిస్తుందని వాళ్లు కనిపెట్టారు. అది నెమ్మదించగానే షెడ్డు మొత్తం నిశ్శబ్దమైపోయేది. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఫ్యాను వైపు చూడటం నేను కళ్లారా చూశాను. కరెంటు పోయిందంటే ఒక్కసారిగా అరుపు. అక్కడ నేర్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఓపికగానే చెబుతున్నారు. అయినా ఆ పిల్లలకు ఆ పూట అక్కడ ఉండాలని లేదు, అంతే. ఆ "అంతే"ని నవలలో తగ్గించకుండా, సర్దిచెప్పకుండా ఉంచాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

ఈసారి "నేను" అని మొదలుపెట్టాను. పిల్లవాడి పేరు ఓబులేసు. పుస్తకం పేరు "నేను రాను పో". ఓబులేసు ఎక్కడా ద్వేషం, అసహ్యం అనడు. మా పక్క పదేళ్ల పిల్లలు ఎవరూ ఆ మాటలు వాడరు. "గిట్టదు" అంటారు, "తిక్క పుడ్తాది" అంటారు. ఈ రెండు మాటలు దొరికాక వాడి గొంతు నాకు వినబడసాగింది. మొదటి అధ్యాయంలో కొంత ఇక్కడ పెడుతున్నాను:

"ఉపాయం ఒకటి: జ్వరం. అమ్మ నుదిటి మీద చెయ్యి పెట్టింది. సల్లగా ఉండాది. ఉపాయం సచ్చిపాయ. ఉపాయం రెండు: చెప్పులు దాచిపెట్టేది. దాచిపెడితి. నాయన చెప్పులేసి పంపించిరి. ఇప్పుడు క్యాంపులో అందరికన్నా పెద్ద కాళ్లు నావే."

మళ్లీ అదే తరగతికి చదివాను, అప్పటికి వాళ్లు ఏడోకి వచ్చారు. చదువుతూ కాగితం అంచున పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. నవ్వితే "న", ఆవలిస్తే "ఆ", పక్కవాడితో మాట్లాడితే చుక్క. ఇంటికొచ్చి చూస్తే నేను చమత్కారం అనుకుని రాసిన చోటల్లా చుక్కలు. ఉపమానాలకు చుక్కలు, మాటల గారడీకి చుక్కలు. నాయన చెప్పులకు మాత్రం "న". ఆ చెప్పులు మళ్లీ కరాటే క్లాసులో వచ్చినప్పుడు, ఓబులేసు కాలు ఎత్తగానే ఒక చెప్పు ఎగిరి కీబోర్డు మీద పడినప్పుడు, పెద్ద "న". మూడోసారి గ్రూపు ఫోటో అధ్యాయంలో చెప్పులు ఇంకా రాకముందే, "సారు అందరినీ వరసలో నిలబెట్టినాడు" అనగానే నవ్వడం మొదలుపెట్టారు. ముందే తెలిసిన నవ్వు కోసం ఎదురుచూడటమే పిల్లలకు సగం ఆనందమని నాకు అప్పుడు తెలిసింది. చదువుకున్నప్పుడు హాస్యరసం గురించి పరీక్షల్లో చాలానే రాశాను, ఈ మాట మాత్రం ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఒక అధ్యాయం తీసేశాను. క్యాంపులో ఒక లావు పిల్లవాడు, వాడు కుర్చీలో ఇరుక్కోవడం, అందరూ లాగడం. పిల్లలు పడీ పడీ నవ్వారు. కాగితం అంచు నిండా "న"లే. తలెత్తి చూస్తే మూడో వరసలో ఒక పిల్లవాడు నవ్వుతున్నవాళ్లతో పాటు నవ్వుతూ, చొక్కాను ముందుకు లాక్కుంటున్నాడు. ఆ సాయంత్రమే ఎనిమిది పేజీలు చించేశాను. అన్నిటికన్నా ఎక్కువ నవ్వు పుట్టించిన అధ్యాయం అది. దాని బదులు ఇంకోటి రాయడానికి నెలన్నర పట్టింది.

భాష దగ్గర పెద్ద గొడవ అయింది. ప్రూఫులు చూడమని ఒక రిటైర్డు తెలుగు పండితులను అడిగాను. మనసున్న మనిషి, పైసా తీసుకోకుండా చూశారు. కానీ తిరిగొచ్చిన ప్రూఫుల్లో ఓబులేసు చనిపోయాడు. "నగబాకు" అన్నచోటల్లా "నవ్వకు", "యాడికి" అన్నచోటల్లా "ఎక్కడికి", జేజి కాస్తా నాయనమ్మ అయింది. "పుస్తకం రాష్ట్రమంతా చదవాలి కదమ్మా" అన్నారు. నేను ఎదురు చెప్పలేక ఇంటికొచ్చేశాను. రెండు రోజులు అదే ఆలోచన. పాత అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన "కొత్తపల్లి" పిల్లల పత్రిక సంచికలు నా దగ్గర ఉన్నాయి. అందులో పల్లె పిల్లలు తమ కథలు తామే రాశారు. అవి మళ్లీ చదివితే కొంచెం ధైర్యం వచ్చింది. ఆ తర్వాత సార్‌ను బతిమాలి బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. బ్రౌన్ నిఘంటువు తెరిచి "నగు" చూపించాను. అన్నమయ్య కీర్తనల్లో నగవు ఉంది, ఆయన పుట్టిన తాళ్లపాక మా పాత కడప జిల్లాలోదే. మా పిల్లలు రోజూ అనే మాట అన్నమయ్య అన్న మాటే కదా సార్, తప్పు ఎట్లా అవుతుంది అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు ఆ పేజీ చూశారు. "మా అవ్వ కూడా నగబాకురా అనేది" అన్నారు. మర్నాడు ఎర్ర ఇంకుతో కొట్టేసినవన్నీ ఆయనే పచ్చ ఇంకుతో తిరిగి రాసి పంపించారు.

బొమ్మలు పక్క ఊరి బడిలో డ్రాయింగు సారు వేశారు. మొదట తెచ్చిన బొమ్మలు చూసి నాకు మాట రాలేదు. గుడారాలు, కొండ, చెరువులో పడవ, నెగడు చుట్టూ పిల్లలు. ఫోన్‌లో సమ్మర్ క్యాంపు అని వెతికితే అవే వచ్చాయట. ఆయన తప్పు లేదు. ఆ మాట పుట్టింది అక్కడే. 1861లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడి నడిపే ఆయన తన పిల్లలను నడిపించుకుంటూ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. అక్కడ సమ్మర్ క్యాంపులకు అదే మొదలని చెబుతారు. బడి గోడల నుంచి పిల్లలను బయటికి తీసుకుపోవడానికి పుట్టిన పని అది. మన దగ్గరికి వచ్చేసరికి పెన్న ఇసుకలో చెలమలు తవ్వుకునే పిల్లవాణ్ని తెచ్చి రేకుల షెడ్డులో కూర్చోబెట్టడం అయింది. ఇది తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. సార్‌ను ఆ షెడ్డుకు తీసుకెళ్లాను. గొలుసు కట్టిన గ్లాసు చూడగానే ఆయన పుస్తకం తీసి అక్కడే నిలబడి గీశారు. నవల్లో అన్నిటికన్నా మంచి బొమ్మ అదే. అధ్యాయం చివర్లలో మాత్రం మా మేనల్లుడి గీతలనే స్కాన్ చేసి పెట్టాం. ఎక్కడిదక్కడ, ఆ సున్నాతో సహా.

ఇద్దరు ప్రచురణకర్తలకు పంపాను. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు ఫోన్ చేసి చాలా మెచ్చుకుని, చివరి అధ్యాయం మార్చమన్నారు. నా నవల్లో చివరి రోజు ఓబులేసుకు లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు ఇస్తారు. అది పట్టుకుని ఊరికి పోతాడు. సంచి గుమ్మంలో పడేసి పెన్న ఇసుకలోకి పరుగెత్తుతాడు. జేజి ఆ సర్టిఫికెట్టు తిరగేసి మరగేసి చూసి, దాంతో విసురుకుంటూ, "గాలి బాగానే వస్తాందిరా" అంటుంది. నవల అక్కడితో అయిపోతుంది. "పిల్లలకు మంచి చెప్పాలి కదమ్మా, కనీసం ఒక స్నేహితుడి కోసమైనా వచ్చే ఏడాది మళ్లీ వస్తానని అనిపించండి" అన్నారాయన. వెనక బెంచీ అమ్మాయి గుర్తొచ్చింది. కుదరదండీ అని చెప్పి, సొంతంగా అచ్చు వేయించాలని నిర్ణయించుకున్నాను.

రాయాలనుకునే వాళ్ల కోసం అచ్చు పని గురించి కొంచెం చెబుతాను. నేను ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టాను. పేజీలు కూర్చే డీటీపీ అబ్బాయి వాడేది యూనికోడ్ కాని "అను" ఫాంట్లు. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం కిందికి చేరాయి. అందుకని మూడు ప్రూఫులు తప్పలేదు. పిల్లల పుస్తకం కదా, అక్షరం 14 పాయింట్లు పెట్టించాను. ఫారం అంటే అచ్చు వేసి, మడిచి, పేజీలుగా కుట్టే పెద్ద కాగితం. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు. మొదటి లెక్కకు పుస్తకం 117 పేజీలు వచ్చింది. ఏడు ఫారాలకు 112 పేజీలే. ఆ అయిదు పేజీల కోసం ఎనిమిదో ఫారం వేస్తే ఖర్చు పెరుగుతుంది. రెండు రాత్రులు కూర్చుని వాక్యం వాక్యం తగ్గించి 112కు తెచ్చాను. తగ్గించాక బాగుపడింది కూడా. పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకు పైసా ఖర్చు లేదు. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే సొంతంగా వేసుకునేవాళ్లకూ ఇస్తారు. 500 కాపీలు వేయించాను. 2024 మార్చిలో కట్టలు వచ్చాయి. ఒక కట్టలో కొన్ని కాపీలకు ఒక ఫారం తలకిందులుగా కుట్టారు, చెబితే మార్చి ఇచ్చారు.

మొదటి కాపీ ఆ వెనక బెంచీ అమ్మాయికే ఇచ్చాను. నిలబడి ముందు చివరి పేజీ తెరిచి చదువుకుంది. "ఊఁ" అని తలూపి సంచిలో పెట్టుకుంది.

మేలో తమ్ముడి ఊరికి పోయాను. మా మేనల్లుడు అప్పటికి తొమ్మిది అయిపోయి పదికి వస్తున్నాడు, గొంతు మారింది, మీసం మొలుస్తోంది. పుస్తకం పట్టుకుని మిద్దె మీదికి పోయి చీకటి పడేదాకా దిగలేదు. వాడి సొంత గీతలను అచ్చు వేసేశాను కదా, అడగలేదు కదా అని నాకు టెన్షన్. కిందికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అత్తా, ఈ సున్నా ఎందుకు పెట్టినావ్?"

"నువ్వు పెట్టిందే కదరా. పెన్సిలు జారిందేమో అనుకున్నా."

"జారలా. ఆపొద్దు కడుపునొప్పి అన్న్యా, గుర్తుందా? నొప్పి లేదు ఏం లేదు. ఆపొద్దు పోలా, అందుకే గీత గీయలా."

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు బడి సెలవులు కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చాను. మధ్యాహ్నం దాకా నా పక్కనే చాప మీద పడుకుని, నేను మామిడికాయ ముక్కలు కోస్తుంటే ఒక్కొక్కటే ఎత్తుకుని తింటున్నాడు. కడుపునొప్పి ఉన్నవాడు పచ్చి మామిడికాయ తింటాడా అని నాకు అప్పుడు తట్టనే లేదు.

"నాకు చెప్పి ఉండొచ్చు కదరా, పోనని."

"చెప్తే నువ్వు నాయనకు చెప్తావు. నాయన పంపీమంటాడు. నువ్వు పంపిస్తావు." కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. కాసేపు ఆగి, "కానీ అత్తా, ఆ వాము నీళ్లు... దానికన్నా కరాటే నయం" అన్నాడు.

పుస్తకాలు ఇంకో అరవై ఉన్నాయి. అవి అయిపోయాక మళ్లీ వేయించాలి. వాము నీళ్ల రోజు గురించి ఒక అధ్యాయం రాస్తున్నాను, వాణ్ని అడిగే రాస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది పేజీలు అయింది. ఈసారి ఎనిమిదో ఫారం తప్పదు.